తలనొప్పి తగ్గిన నాట్లకాలం

కొడవలూరులో నాట్లు మొదలయ్యాయంటే మాలకొండమ్మ గొంతు లేవాల్సిందే. ఆమె పాట ఎత్తుకుంటే తోటి ఆడవాళ్ళు నడుం నొప్పి మరిచిపోయేవారు. అలాంటి గొంతుకు ఉబ్బసం పట్టుకుంది. 1962లో ఓ డాక్టరు పది రోజులకని రాసిచ్చిన తెల్లమాత్రలు ఆయాసాన్ని చేత్తో తీసేసినట్టు తీసేశాయి. ఇంకేం, ఆమె వాటిని వదిలితే ఒట్టు. ఎవరినీ అడక్కుండా రెండేళ్ళు మింగింది. మొహం గుండ్రంగా ఉబ్బితే, "మీ ఆయన బాగా మేపతుండాడు మే!" అని తోటివాళ్ళు ఆటపట్టించేవారు. మొగుడు హజరత్తయ్య ఆ మాటకు మురిసిపోయేవాడు కూడాను, వెర్రిబాగులవాడు.

ఆ తర్వాత తలనొప్పి మొదలైంది. శొంఠి పట్టు వేశారు, దిష్టి తీశారు. నెల తిరిగేసరికి వాంతులు, మెడ బిగుసుకుపోవడం, ఇంట్లో మనుషులనే పోల్చుకోలేకపోవడం. హజరత్తయ్య ఆమెను నెల్లూరు ఆసుపత్రిలో చేర్చాడు. అక్కడ వెన్నులో సూది గుచ్చి నీళ్ళు తీశారు. సాయంత్రానికల్లా ఆమె లేచి కూర్చుని, "ఆకలేస్తుండాదయ్యా" అంది. అతనికి ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ జయశీల అతన్ని పక్కకు పిలిచింది.

"ఆ మాత్రలు ఆయాసాన్ని అణచినాయి గానీ, రోగాన్ని తట్టుకునే శక్తిని తినేసినాయి. మెదడు పొరల్లోకి బూజు లాంటిది చేరింది. నీళ్ళు తీసినందుకు నొప్పి తగ్గింది, జబ్బు పోలేదు. మద్రాసు నుంచి మందు వస్తుంది, అందాకా ఇక్కడే ఉండాల."

హజరత్తయ్య ఆ మాట చెబితే మాలకొండమ్మ వింటేగా! "నీళ్ళతోనే నొప్పి పోయింది, ఇంకేం జబ్బు? మన చేలో నాట్లు పడతుండాయి. నన్ను తీసకపో" అంటూ నవ్వింది. నెల తర్వాత చూసిన నవ్వు అది. కాదనడం హజరత్తయ్య వల్ల కాలేదు. డాక్టరమ్మకు చెప్పకుండా బస్సెక్కించాడు.

ఆమె గట్టు మీద కూర్చుని పాడింది. చేను పచ్చబడింది. అంతలోనే నొప్పి రెట్టింపై తిరిగొచ్చింది. మళ్ళీ ఆసుపత్రికి చేర్చేసరికి ఒంటి మీద స్పృహ లేదు. మద్రాసు మందు అప్పటికే వచ్చి ఉంది. దాన్ని నరంలోకి ఎక్కిస్తుంటే ఆమె వణుకుకు మంచం ఊగిపోయేది. వారాల తరబడి ఎక్కించారు. ప్రాణం దక్కింది, చూపు దక్కలేదు.

"అప్పుడే ఉండుంటే కళ్ళు నిలిచేవేమో" అంది జయశీల. కోపంగా కాదు, బాధగానే.

హజరత్తయ్య భార్య మంచం పక్కన కూలబడ్డాడు. "నీ కళ్ళు నేనే పోగొట్టినా మే" అని గొల్లుమన్నాడు.

మాలకొండమ్మ తడుముకుంటూ అతని తల పట్టుకుంది. "తీసకపొమ్మనింది నేను గదయ్యా. చూపు పొయ్యేలోపల మన చేను చూసుకున్నా. ఏడవబాక."

ఆమె తిట్టి ఉంటే తట్టుకునేవాడే హజరత్తయ్య.