గుమ్మం దగ్గరి చాప

చీరాల పక్కన ఆరేళ్లు పనిచేశాక నన్ను గుంటూరు దిగువన, మిరప పొలాల మధ్య ఉన్న ఒక ఊరి సంఘానికి పాస్టరుగా బదిలీ చేశారు. జనవరిలో, కోతలు మొదలైన రోజుల్లో చేరాను. ఊరి చుట్టూ ఎర్రటి కల్లాలు, చర్చిలో ప్రసంగం మధ్య తుమ్ములు. ఆడవాళ్ల వేళ్లకు పట్టిన ఘాటు సంస్కారపు రొట్టెకూ అంటేది. నోరు మండి ఆమెన్ కాస్త గట్టిగానే పలికేవారు. రిటైరయ్యాక ఆ ఘాటు మీద ఇంత బెంగ పెట్టుకుంటానని అనుకోలేదు.

నెలకో ఆదివారం ప్రభువు బల్ల ముందు మోకరించి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడమే సంస్కారం. పెద్ద తప్పు చేసినవారిని పాస్టరు, సంఘ పెద్దలు కలిసి ‘బల్ల నుంచి ఆపుతారు’. ఆపినవాళ్లు ఆ ఊళ్లో గుమ్మం దగ్గర వేసిన చాప మీద కూర్చోవాలి. ఆపడానికి ఒక పద్ధతి ఉంది. పాస్టరు ముందు ఒంటరిగా ఆ మనిషి దగ్గరికి వెళ్లి అడగాలి. తర్వాత ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వెళ్లాలి. అప్పటికీ తేలకపోతేనే సంఘం ముందుకు తేవాలి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. రూల్సు మనిషినని పేరు కూడా ఉండేది, ఆ పేరంటే లోలోపల ఇష్టమే.

చేరిన రెండో నెలలో ఒక రైతు కల్లం పక్కన కంపలో ఎవరో కాజేసి దాచిన ఎండుమిరపకాయల మూట దొరికింది. కూలీల ముఠాను తెచ్చిన మేస్త్రి రాహేలు, అది తన ముఠాలోని సువార్తమ్మ పనేనని చెప్పింది. రాహేలు స్త్రీల ప్రార్థన నడిపే మనిషి, ఆమె మాటకు అడ్డులేదు. కోతల కాలంలో కూలీలు ఇళ్లలో దొరకరు గనక మొదటి రెండు మెట్లూ దాటేసి, ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందే సువార్తమ్మను నిలబెట్టి తప్పు ఒప్పుకోమన్నాను. ఆమె నోరు తెరవలేదు. ఆపేశాను.

తర్వాత ఏ ముఠా ఆమెను పిలవలేదు. పత్తి ఏరడానికి పొరుగూళ్లకు ఒంటరిగా నడిచిపోయేది. బల్ల నుంచి ఆపితే చాలామంది చర్చికి రావడమే మానేస్తారు. సువార్తమ్మ ఏడాది పొడుగునా ఒక్క సంస్కారం కూడా తప్పకుండా వచ్చి ఆ చాప మీద కూర్చుంది. నాకది మొండితనంగా కనిపించింది.

మరుసటి కోతల్లో, సంస్కారానికి ముందురోజు జరిగే సిద్ధపాటు కూడికలో రాహేలు నాతో ఒంటరిగా మాట్లాడాలంది. ఆ మూట తీసి దాచింది తానేనని చెప్పి ఏడ్చింది. దొరికిపోతానన్న భయంతో సువార్తమ్మ పేరు చెప్పేసిందట. దేవుడు క్షమించాడని నేను ప్రకటించాను, అది నా విధి. ఆ సంగతి సువార్తమ్మకు కూడా చెప్పమన్నాను.

“ముఠా చెయ్యి జారిపోద్ది అయ్యగారూ. దేవుడికి చెప్పుకున్నాగా, చాలదా?” అంది.

ఒప్పుకోలులో విన్నది పాస్టరు బయటపెట్టకూడదు. చూద్దాంలే అన్నాను. నా ఉద్యోగంలో అంతకంటే పిరికి మాట నేను అనలేదు.

మర్నాడు రాహేలు రెండో వరసలో మోకరించి చేతులు చాపింది. రొట్టె ముక్క పెట్టి తలెత్తేసరికి గుమ్మం దగ్గర సువార్తమ్మ కనిపించింది. నాకు సిగ్గేసింది. రాహేలు తప్పు నేను చెప్పకూడదు, నా తప్పు చెప్పొచ్చు కదా. రొట్టె పళ్లెం బల్ల మీద పెట్టి గుమ్మం దాకా నడిచాను.

“అమ్మా, ఆ రోజు మీ ఇంటికి రాకుండా, నిన్ను అడగకుండా తీర్పు చెప్పాను. నన్ను క్షమించు,” అన్నాను.

ఆమె లేవలేదు. “ఒప్పుకోమన్నారు గానీ, తీశావా అని ఒక్కరూ అడగలేదు అయ్యగారూ. ఇప్పుడన్నా అడగండి.”

“తీశావా అమ్మా?”

“తీయలేదు.”

వెనక నుంచి రాహేలు గొంతు వినిపించింది. “తీసింది నేనయ్యగారూ.” తిరిగి చూస్తే రొట్టె ఇంకా ఆమె అరచేతిలోనే ఉంది.

సువార్తమ్మ లేచి, చీర కుచ్చిళ్లు దులుపుకుని, నేరుగా బల్ల దగ్గరికి నడిచింది. రాహేలు పక్కన నిలబడి ఒకే ముక్క అంది.

“జరుగు.”

రాహేలు జరిగింది. ఇద్దరూ పక్కపక్కనే మోకరించారు. రాహేలు చేతిలో రొట్టె ఉండనే ఉంది, సువార్తమ్మ చేతిలో నేను పెట్టాను. రాహేలు ఆ ఏడు మేస్త్రిగా నిలవలేదు. వాళ్లిద్దరూ స్నేహితులయ్యారని చెప్పలేను, అయినట్టు నాకు కనిపించలేదు.

దేవుని క్షమాపణ ప్రకటించే అధికారం నాకు ఇచ్చారు. అన్యాయమైపోయిన మనిషి గుమ్మం దగ్గరే కూర్చుని ఉండగా ఆ మాటతో పని ముగిసిందనుకోకూడదని అక్కడే నేర్చుకున్నాను. ఆ తర్వాత నేనున్నన్నాళ్లూ ఎవరినైనా ఆపాలంటే ముందు నేనే వెళ్లి అడిగాను. కోతల కాలంలో కూలీలు ఇళ్లలో దొరకరన్నది నిజమే. చేలో దొరుకుతారు. చర్చి నుంచి సువార్తమ్మ కాయ కోసిన చేనుకు అరగంట నడక.