కొత్త చైను, పాత పళ్ళచక్రాలు

ఇది పోయిన మాఘమాసంలో, పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర జరిగింది.

మా అబ్బాయి రమణయ్య వేగం కోసం వేట పడవకు కారు ఇంజను బిగించాడు. ఇంజను లోపల తిరిగే టైమింగ్ చైను సాగిపోతే అదొక్కటే కొత్తది వేశాడు. అది తిరిగే పళ్ళచక్రాలు పాతవే ఉంచాడు.

"పళ్ళు గాలం మాదిరి వంగిపోయుండాయి గదరా," అన్నాను.

"వలలో తెగిన కన్నే గదమ్మా అల్లుకుంటాం, వలంతా మారుస్తామా?" అని నవ్వాడు.

ఇద్దరం ఆ పడవలో మా చెల్లెలి ఊరికి పోతుండగా ముఖద్వారం దగ్గర చైను పళ్ళ మీద నుంచి జారింది. ఇంజను ఆగి, పడవ అలకు అడ్డం తిరిగింది. వాడు తెడ్డు వేస్తుంటే నేను పడవలోకి వచ్చిన నీళ్ళు బిందెతో తోడాను.

"అమ్మా, పడవ అడ్డకొయ్య పట్టుకో! నన్ను చూడబాక!" అని అరిచాడు. వాడి గొంతులో భయం వినడం అదే మొదలు. పడవ ఇసుక తిన్నెకు తగిలేదాకా తెడ్డు వేస్తూనే ఉన్నాడు.

మర్నాడు దుకాణంలో రెండు వరసల చైను, దానికి సరిపోయే చక్రాలతో సహా మొత్తం సెట్టు అడిగాను.

"చైనొక్కటే చాలు గదా పెద్దమ్మా?" అన్నాడు దుకాణదారు.

"అమ్మ అడిగినట్టే ఇయ్యన్నా," అన్నాడు రమణయ్య.

వలలో ఇప్పటికీ తెగిన కన్నే అల్లుతాను. వల తెగితే పోయేది చేప. ఆ రోజు పోబోయింది నా బిడ్డ.