సీసపు ముద్ర పడిన బేలు

జమ్మలమడుగు మగ్గాల మీద నేసిన లుంగీలు కొలంబోకు పోవాలంటే బేళ్లు కట్టేది ఫకీర్ సాహెబే. ఆయన దబ్బనం పట్టి కుడితే గోనెలోకి గాలి కూడా దూరదని పేరు. మాట తక్కువ మనిషి. మొదటి బేలులో గుడ్డల నడుమ ఒక నిమ్మకాయ పెట్టి, పెదవుల్లోనే ఫాతెహా చదువుకుని కుట్టేవాడు. దిష్టి తగలకూడదని నేతగాళ్లు కోరి పెట్టించే కాయ అది. కాయ పెట్టని సరుకు ఒకసారి సముద్రంలో మునిగిందని వాళ్ల నమ్మకం. మద్రాసు రేవులో సుంకంవాళ్లు ప్రతి బేలూ విప్పేవాళ్లు. అప్పుడు షావుకారు కోదండపాణి మనిషి ఆ కాయ తీసి పారేసి, మళ్లీ కుట్టించి ఓడ ఎక్కించేవాడు.

ఆ ఏడు పద్ధతి సులువైంది. సుంకం ఆఫీసరే ఊరికి వచ్చి సరుకు చూసి సీసపు ముద్ర వేస్తాడు. రేవులో ఇక విప్పరు. బజారంతా సంబరపడింది.

ఆఫీసరు చివరి రెండు బేళ్లు విప్పించి చూసి, అన్నిటికీ ముద్రలు వేయించాడు. ఇక వీటిని విప్పేది కొలంబోలో కొన్నవాళ్లేనని నవ్వుతూ అన్నాడు. ఫకీర్ సాహెబ్ మొదటి బేలు వైపు తిరిగి చూశాడు. కాయ లోపలే ఉంది. ఓడ అడుగున ఉక్కలో అది కుళ్లుతుంది. బూజు మడత మడతకూ పాకుతుంది. అక్కడివాళ్లు సరుకు వద్దంటే ఇక్కడ మగ్గాలు ఆగిపోతాయి.

షావుకారును పక్కకు పిలిచి చెప్పాడు.

"ఇప్పుడా చెప్తాండావు ఫకీరూ?" కోదండపాణి ముఖం నల్లబడింది. "ముద్ర తెంపమంటే ఏందో దాచినారంటాడు. మళ్లా అన్నీ రేవులో విప్పుతారు. నోరు మూసుకో."

"గుడ్డ పోతాది అప్పా."

"పోతే ఒక బేలు పోతాది."

లారీ కదిలే ముందు ఆఫీసరు అందరి ఎదుటా ఫకీర్ సాహెబ్‌ను పిలిచాడు. కొత్త పద్ధతిలో బేలు కట్టినవాడి మాటే సాక్ష్యమట.

"గుడ్డ తప్ప లోపల ఇంకేమీ లేదు కదా?"

నేతగాళ్లు ఆయన వైపే చూస్తున్నారు. కాయ పెట్టాడో లేదోనన్న దిగులు తప్ప వాళ్ల కళ్లలో ఇంకేమీ లేదు. షావుకారు నేల చూస్తున్నాడు.

"గుడ్డే సార్," అన్నాడు ఫకీర్ సాహెబ్.

లారీ ముద్దనూరు దారి పట్టింది. దుమ్ము అణగకముందే కోదండపాణి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. అంతకు ముందెప్పుడూ వేసిన చెయ్యి కాదు.

"నువ్వు నాతో ఏమీ చెప్పలేదప్పా," అన్నాడు మెల్లగా. "ఆఫీసరుకు మాటిచ్చినోడివి నువ్వే."