కొవ్వొత్తి ఉపన్యాసం

ఆ కాన్వెంటు హైస్కూల్లో సోషల్ చెప్పే ఆవిడకి పిల్లలు పెట్టుకున్న పేరు చేతుల టీచరు. వక్తృత్వ పోటీలకి పిల్లల్ని తయారుచేసేది ఆవిడే. ఉత్త మాట చాలదు, మాటకి తగ్గ చెయ్యి లేవాలి అన్నది ఆవిడ పట్టుదల. 'సూర్యుడు' అంటే కుడిచెయ్యి పైకి లేవాలి. 'హృదయం' అంటే అరచెయ్యి గుండె మీదికి రావాలి. 'మిమ్మల్నే అడుగుతున్నాను' అన్నప్పుడు చూపుడువేలు జనం వైపు తిరగాలి, జడ్జీల వైపు మాత్రం పొరపాటున కూడా పోకూడదు. ఏళ్ళ తరబడి ఇదే నేర్పించీ నేర్పించీ, చివరికి వంకాయలు బేరమాడినా ఆవిడ చెయ్యి దానంతటదే లేచేది. కూరలమ్మేవాడు ఏమనుకునేవాడో గానీ, ధర మాత్రం తగ్గించేవాడు కాదు.

పేరుకి సోషల్ టీచరే గానీ, పాఠాలు కాక ఆ స్కూల్లో జరిగేదంతా ఆవిడ నెత్తినే ఉండేది. క్విజ్, గాయక బృందం, పొద్దుటి అసెంబ్లీ, నోటీసు బోర్డు మీద రంగుల అక్షరాలు, పునీతుల పేర్లు పెట్టుకున్న నాలుగు హౌసుల మధ్య పాయింట్ల తగాదాలు, అన్నీ ఆవిడవే. దీనికి యాక్టివిటీస్ ఇన్‌చార్జి అని ఒక పదవి. ఆ పదవితో పాటు అదనంగా వచ్చింది విజిల్ ఒక్కటే. ఆ పదవిని కట్టబెట్టిన సిస్టరు ఎప్పుడో ఇంకో కాన్వెంటుకి వెళ్ళిపోయారు. తర్వాత ఇద్దరు పెద్ద సిస్టర్లు మారారు. పదవి మాత్రం ఈవిడని పట్టుకుని వేలాడుతూనే ఉంది.

ఈ మధ్య ఒళ్ళు మాట వినడం మానేసింది. సాయంత్రం బెల్లు కొట్టాక, ఖాళీ తరగతిలో ఒక పిల్ల ముందు నిలబడి 'మళ్ళీ మొదట్నుంచి' అనేసరికి కాళ్ళు పీకేవి, నడుం పట్టేసేది. ఇంటికొచ్చి దీపమైనా వేయకుండా కుర్చీలో కూలబడేది. ఇంటాయన టీ గ్లాసు చేతికిచ్చేవాడు.

"కప్పులన్నీ మీ సిస్టర్ల బీరువాలోకి, నొప్పులన్నీ మనింటికి" అనేవాడు.

మాట బాగానే ఉన్నా, నవ్వడానికి ఆవిడకి ఓపిక ఉండేది కాదు.

ఆ ఏడాది బళ్ళు తెరవగానే ఆవిడ గుండె దిటవు చేసుకుని పెద్ద సిస్టరు గదికి వెళ్ళింది. గది బయటే అద్దాల బీరువా. అందులో కప్పులు, షీల్డులు ఒకదాని భుజం మీద ఇంకొకటి ఎక్కినట్టు కిక్కిరిసి ఉంటాయి. వాటిలో ఏది ఏ పిల్ల తెచ్చిందో ఆవిడకి తెలుసు. తుడిచేది కూడా ఆవిడే.

"సిస్టర్, ఇంక నా వల్ల కాదు. కొత్తగా వచ్చిన సైన్స్ టీచరు చిన్నపిల్ల, హుషారుగా ఉంది. ఇవన్నీ ఆమెకి అప్పజెప్పండి."

పెద్ద సిస్టరు మంచావిడే. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించింది. "మన మేత్రాసనంలో, బిషప్‌గారి కింద ఉన్న స్కూళ్ళన్నిటి పోటీలో వక్తృత్వం కప్పు పోయినేడూ రాలేదు, అంతకుముందూ రాలేదు. ఓడిపోయిన పనిని చేతిలో పెడితే ఆ కొత్తమ్మాయి బెదిరిపోతుంది టీచర్‌గారూ. ఈసారికి కప్పు తెచ్చేయండి. ఆ రోజే మిమ్మల్ని వదిలేస్తాను, నాదీ పూచీ."

చేతుల టీచరు ఆ మాటని కొంగున ముడేసుకుని బయటికొచ్చింది. ఒక్క కప్పు. ఆ తర్వాత సాయంత్రాలన్నీ తనవే.

పోటీకి పేరిచ్చింది ఒకే ఒక్క పిల్ల. తొమ్మిదో తరగతి. తరగతిలో అందరూ గుసగుస అని పిలుస్తారు. ఆ పిల్ల మామూలుగా మాట్లాడినా రహస్యం చెబుతున్నట్టే ఉంటుంది. అయితే ఒకసారి విన్నది మర్చిపోదు, మాట ముత్యంలా పలుకుతుంది. గొంతెందుకు లేవదో టీచరు అడగలేదు. గొంతుదేముంది, తనే పెంచుతుంది, అదేం కొత్త పని కాదు.

పోటీకి ఇచ్చిన విషయం 'సేవే జీవితం'. ఉపన్యాసం రాయాల్సింది టీచరే. అన్ని స్కూళ్ళలోనూ అంతే. టీచర్లు రాస్తారు, పిల్లలు అప్పజెబుతారు, ఇది అందరికీ తెలిసిన సంగతే. ఆవిడ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. పెన్ను కదల్లేదు. తల అరిగిపోయిన సబ్బుబిళ్ళలా ఉంది, ఎంత రుద్దినా నురగ రావడం లేదు.

అప్పుడు పిచ్చుక గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ కిందట ఇదే విషయం మీద మాట్లాడి కప్పు తెచ్చిన పిల్ల. పిట్టంత మనిషి, హాలంత గొంతు. భయానికి ఆ పిల్ల చిటికెనవేళ్ళు వణికేవి. ఎంత చెప్పినా వణుకు తగ్గకపోతే, చేతుల టీచరు ఉపన్యాసం మధ్యలో ఒక కొవ్వొత్తిని తెచ్చి పెట్టింది. 'తాను కరిగిపోతూ లోకానికి వెలుగునిచ్చే కొవ్వొత్తిని చూడండి' అని రెండు చేతులూ జోడించి వేళ్ళు పైకెత్తితే, ఆ వణుకే మంటలా కనిపించింది. హాలు దద్దరిల్లిపోయింది.

ఆ ఉపన్యాసం టీచరుకి నోటికొచ్చు. ఇన్నేళ్ళ తర్వాత జడ్జీలకేం గుర్తుంటుంది అనుకుంది. మొదటి రెండు వాక్యాలు మార్చి, మిగతాదంతా గుసగుసకి చెప్పి రాయించింది. ఒకసారి గెలిచిన సరుకు, ఇంకోసారి గెలవకపోతుందా అని ఆశ.

ఇక రోజూ సాయంత్రం అదే పని. పిల్ల మాట తప్పేది కాదు, చెయ్యి తప్పేది. కొవ్వొత్తి దగ్గర మరీ ఆగిపోయేది.

"టీచర్, కొవ్వొత్తికి కరిగిపోవడం ఇష్టమేనా?"

"అది ఉపన్యాసంలో లేదు. మళ్ళీ మొదట్నుంచి."

పోటీ ఇంకో కాన్వెంటు స్కూలు హాల్లో జరిగింది. వేదిక మీద మేరీమాత బొమ్మ, పక్కన ముగ్గురు జడ్జీలు, మధ్యలో ఒక ఫాదర్. చీటీలు తీస్తే, గుసగుస వంతు చివర్లో వచ్చింది. ఆ పిల్లకి ముందు నీలం టై కట్టుకున్న ఒక అబ్బాయి.

అబ్బాయి మొదలుపెట్టాడు. మంచి గొంతు. చేతుల టీచరు కాసేపు మెచ్చుకుంటూనే వింది. 'సూర్యుడు' అనగానే వాడి కుడిచెయ్యి లేచింది. 'హృదయం' అనగానే అరచెయ్యి గుండె మీదికొచ్చింది. ఆ తర్వాతి వాక్యం ఆవిడకి ముందే తెలిసిపోయింది.

'తాను కరిగిపోతూ' అంటూ అబ్బాయి చేతులు జోడించాడు. వాడికి భయమన్నది లేదు. అయినా చిటికెనవేళ్ళు చక్కగా, నేర్పినట్టుగా వణికాయి. టీచరు చప్పున పక్కకి తిరిగి చూసింది. గోడవారగా ఆ అబ్బాయి స్కూలు టీచరొకామె నిలబడి ఉంది. పిట్టంత మనిషి. అబ్బాయి మాటలతో పాటే ఆమె పెదవులూ కదులుతున్నాయి. పిచ్చుక.

జడ్జీలు మర్చిపోతారని లెక్క వేసుకుంది గానీ, చెప్పిన పిల్ల మర్చిపోదన్న సంగతి ఆవిడకి తట్టనేలేదు.

చప్పట్లు మోగుతుండగా గుసగుస టీచరు చెవి దగ్గరికి వంగింది. "టీచర్, ఇది మనదే కదా."

"మనదే."

"ఇప్పుడు నేను చెప్తే కాపీ కొట్టాననుకుంటారు."

"అనుకుంటారు."

ఆవిడకి ఏడుపొచ్చింది. కప్పు పోయింది, దాంతోపాటు తన సాయంత్రాలూ పోయాయి. అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. తన అలసట తను మోసుకోకుండా, తీసుకెళ్ళి ఈ పసిదాని నెత్తిన పెట్టింది.

"వెళ్ళక్కర్లేదు తల్లీ. కడుపునొప్పని చెప్తాను. వెళ్తానంటే మాత్రం, నీకు తెలిసిందేదో చెప్పు. చేతుల సంగతి మర్చిపో."

పిల్ల ఒక్క క్షణం ఆలోచించి లేచింది. వేదికెక్కి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"మా అమ్మ ఆసుపత్రిలో ఆయా. ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. అందరూ ఆమెది సేవ అంటారు. ఆమె మాత్రం కాళ్ళు నొప్పులు అంటుంది. మేం లేచే వేళకి వచ్చి పడుకుంటుంది. అప్పుడు మేం కుళాయి సన్నగా తిప్పుకుంటాం. గిన్నెల కింద గుడ్డ వేస్తాం. నేనూ తమ్ముడూ దెబ్బలాడుకున్నా సైగలతోనే. అందుకే నాకు గట్టిగా మాట్లాడటం అలవాటు కాలేదు. సేవ చేసేవాళ్ళని పొగడటానికి చాలామంది ఉన్నారు. వాళ్ళని కాసేపు పడుకోనిచ్చేవాళ్ళు కూడా కావాలి."

తర్వాతేం చెప్పాలో తోచక అటూ ఇటూ చూసి, "అంతే" అని దిగిపోయింది. వెనక వరసలకి సగం వినపడనేలేదు. ఫాదర్ మాత్రం చెవి ముందుకు పెట్టి విన్నాడు. చేతుల టీచరు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

కప్పు నీలం టై అబ్బాయికి వెళ్ళింది. గుసగుసకి ప్రోత్సాహక బహుమతి కూడా రాలేదు. పిచ్చుక పరుగున వచ్చి టీచరు రెండు చేతులూ పట్టుకుంది. ఏనుగెక్కినంత సంబరంగా ఉంది.

"టీచర్, గుర్తుపట్టారా? మీరు రాసిందే. ఒక్క ముక్క పోనివ్వలేదు."

"గుర్తుపట్టానే. చిటికెనవేలు కూడా వదల్లేదు నువ్వు."

"మరి మీ పాప ఏంటి టీచర్, చేతులే లేపలేదు. అది మీరు రాసింది కాదా?"

"కాదమ్మా. అది తనదే."

అసలు సంగతి ఆవిడ పిచ్చుకకి చెప్పలేదు. ఆ సంతోషాన్ని పాడుచేయడానికి మనసొప్పలేదు.

మర్నాడు పెద్ద సిస్టరు కసురుకోలేదు, మొహం మాడ్చుకోలేదు. "పోనీలెండి టీచర్‌గారూ, వచ్చే ఏడు చూద్దాం" అంది. వచ్చే ఏడు అంటే విజిల్, నోటీసు బోర్డు, హౌసుల తగాదాలు, అన్నీ మళ్ళీ. ఆవిడ తలూపి బయటికొచ్చి, అలవాటుగా బీరువా అద్దం కొంగుతో తుడిచింది. ఇంటికెళ్ళి సంగతి చెబితే ఆ రోజు ఇంటాయన హాస్యమాడలేదు. టీలో చక్కెర ఒక చెంచా ఎక్కువ వేశాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం బెల్లయ్యాక, ఆవిడ సంచీ సర్దుకుంటుంటే గుసగుస ఇద్దరు స్నేహితురాళ్ళతో తరగతి గుమ్మంలో నిలబడింది.

"టీచర్, మేమే రాసుకున్నాం. వింటారా? మీరు నిలబడక్కర్లేదు, కూర్చోండి."

ఆవిడ సంచీ బల్ల మీద పెట్టేసింది. చివరి బెంచీలో గోడకి ఆనుకుని కూర్చుని, చెప్పులు విప్పింది. మొదటి పిల్ల కుక్కల మీద ఏదో చెబుతోంది, చేతులు ఎక్కడ పడితే అక్కడ ఎగురుతున్నాయి. సరిదిద్దుదామనుకుంది గానీ చెయ్యి లేవలేదు. రెప్పలు వాలిపోయాయి. నిద్ర కాదు, అలాగని మెలకువా కాదు.

ఉపన్యాసం ఆగింది. ఎవరో బెంచీని ఈడ్చకుండా ఎత్తి పక్కన పెట్టారు. ఆటస్థలం వైపు కిటికీ తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది.

"పాపం, పడుకున్నారే. వెళ్ళిపోదామా?" అంది ఒక గొంతు.

"వద్దు. మెల్లగా చెప్పుకుందాం" అంది గుసగుస.

వింటున్నానని చెప్పాలనుకుంది ఆవిడ. కానీ కళ్ళు తెరవబుద్ధి కాలేదు. గదిలో మాటలు సన్నగా, ఎంతో జాగ్రత్తగా మళ్ళీ మొదలయ్యాయి. మధ్యలో ఎక్కడో ఒక పిల్ల తడబడింది.

"మళ్ళీ మొదట్నుంచి" అంది గుసగుస, వినీ వినపడనట్టు. ఆ సాయంత్రం ఆ మాట చేతుల టీచరు అనాల్సిన పని లేకపోయింది.