పెద్దమ్మ నీళ్ళిచ్చిన స్పీకరు

ఆ రోజుల్లో ఎక్కడైనా గొంతు వినిపిస్తే దాని వెనక ఒక మనిషి ఉంటాడనే నమ్మకం ఇంకా కొంచెం మిగిలి ఉండేది. ఇప్పుడు మా ఇంట్లో ఫోను మాట్లాడుతుంది, టీవీ మాట్లాడుతుంది, కింద లిఫ్టు కూడా తలుపులు మూస్తున్నానని చెప్పి మరీ మూస్తుంది. ఎవరూ తల తిప్పరు. పదిహేనేళ్ళ కిందట తార్నాకలో మా పెద్దమ్మ ఇంట్లో అలా కాదు. హాల్లో గొంతు వినబడిందంటే వంటింట్లోంచి నీళ్ళ గ్లాసు బయల్దేరేది. మాది అనంతపురం వైపు. నీళ్ళ విలువ తెలిసిన ఊళ్ళు మావి. వచ్చినవాళ్ళు నోరు తెరిచి అడిగాక నీళ్ళిస్తే అది ఇచ్చినట్టు కాదని పెద్దమ్మ లెక్క. పెద్దనాన్న ఉద్యోగం పేరుతో ఎప్పుడూ జిల్లాలు తిరుగుతూ ఉండేవారు కాబట్టి ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆమె వంటింట్లో, నేను హాల్లో, మధ్యలో గుమ్మానికి ఒక పూలపూల కర్టెన్. నా జీవితం ఆ కర్టెన్ దగ్గర మలుపు తిరుగుతుందని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని.

నేను పక్కనే ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎమ్మెస్సీ ఎలక్ట్రానిక్స్ రెండో సంవత్సరం. మా గైడు సారుకి ఒకటే పిచ్చి, స్పీకర్లు. కుర్రతనంలో ఏదో శిక్షణ కోసం ఇంగ్లండు వెళ్ళి, వచ్చేటప్పుడు ఒక జత చిన్న స్పీకర్లు సూట్‌కేసులో పెట్టుకుని వచ్చారట. అవి పట్టడానికి షర్టులన్నీ అక్కడే వదిలేశానని చెప్పేవారు. (ఆయన వేసుకునే షర్టులు చూస్తే నమ్మబుద్ధయ్యేది.) ఒక్కొక్కటి చెప్పుల డబ్బాను నిలబెట్టినంత ఉంటుంది. ల్యాబులో వాటి మీద ఎవరైనా పుస్తకం పెట్టారా, ఆ రోజు వాళ్ళకి క్లాసు లేనట్టే.

వాటి కథ ఆయన చెబుతుంటే వినాలి. ఆ దేశపు రేడియో వాళ్ళు ఊరూరా వ్యానులో తిరిగి కార్యక్రమాలు ప్రసారం చేసేవారట. ఆ ఇరుకు వ్యానులో పెద్ద స్పీకరుకి చోటెక్కడ? అయినా మాట సరిగ్గా వస్తోందో లేదో ఒకరు విని తీరాలి. అందుకని అరలో పట్టేంత చిన్న డబ్బా తయారుచేశారు. డబ్బా గోడలు ఎంత మందంగా ఉంటే అంత మంచిదని మనబోటి వాళ్ళం అనుకుంటాం. వాళ్ళు పల్చటి ప్లైవుడ్ తీసుకుని, లోపల తారులాంటి నల్లటి పలకలు అతికించారు. మందపు గోడ తనూ ఒక గొంతు కలుపుతుందట, అదీ సరిగ్గా మన చెవి పట్టేసే చోట. పల్చటి గోడ, పైగా తారు మోసే గోడ, వణికినా కిందెక్కడో వణికి ఊరుకుంటుంది. సన్నటి శబ్దాలు పలికే బుల్లి స్పీకరు చుట్టూ మెత్తటి ఉన్ని కట్టారు, శబ్దం డబ్బా అంచుకి తగిలి చెదిరిపోకుండా. గుండెలదిరే దరువు అందులో రాదు, రాదని వాళ్ళూ ఒప్పుకున్నారు. "చిన్న డబ్బా పెద్ద అబద్ధం ఆడొద్దు. గదే దాని అందం," అనేవారు సారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది వాళ్ళ పరీక్ష. మిషన్లు పెట్టి గీతలు గీసేవారు, నిజమే. కానీ ఆఖరి మాట మిషన్‌ది కాదు. ఆఫీసులో రోజూ పలకరించుకునే మనిషినే తెచ్చి మాట్లాడించి, ఆ గొంతునే రికార్డు చేసి స్పీకరులో వినిపించి, కర్టెన్ చాటున కూర్చున్నవాళ్ళని ఏది మనిషి, ఏది డబ్బా అని అడిగేవారు. "జర ఇను," అనేవారు సారు. "సంగీతం తర్వాత. ముందుగాల తెలిసినోళ్ళ గొంతు. మీ అమ్మకు జలుబు చేసిందని తెలుసుకోనీకి నీకు మీటర్ గావాల్నా?"

అలాంటి డబ్బా ఒకటి ఇక్కడ దొరికే సరుకుతో చేస్తానని నేను ప్రాజెక్టు తీసుకున్నాను. అది బాగా వస్తే, బయటినుంచి వచ్చే ఎగ్జామినర్ మెచ్చితే, రికార్డింగు శిక్షణకి సిఫారసు రాయిస్తానని సారు మాటిచ్చారు. రాకపోతే ఏం జరగాలో మా నాన్న ముందే నిర్ణయించేశారు. అనంతపురం రైలు దిగి కాచిగూడ స్టేషన్ బయటికి రాగానే ఆయన కళ్ళబడిన మొట్టమొదటి బ్యాంకు కోచింగ్ సెంటర్లో నా పేరు రాయించి వెళ్ళారు. బ్యాంకు ఉద్యోగం మంచిదే. కానీ నాకు జీవితమంతా చెవులు పెట్టుకుని వింటూ బతకాలని ఉండేది. ఆ మాట ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక డబ్బా కట్టడం మొదలుపెట్టాను.

మొదటి డబ్బా అడిక్‌మెట్‌లో ఒక వడ్రంగి చేసిచ్చాడు. పల్చటి చెక్క అంటే ఆయనకి నామోషీ. "మేడమ్, గట్టిగ చేస్తా, మీ పిల్లలు గూడ వాడుకుంటరు," అని పాత తలుపుల టేకు వేశాడు. అప్పుడప్పుడు ఇంటికి వచ్చే సారు గొంతు రికార్డు చేసి తెచ్చి హాల్లో వినిపించాను. వంటింట్లోంచి పెద్దమ్మ, "ఎవురు పాపా వచ్చింది? బిందెలో తలకాయ పెట్టి మాట్లాడతాండాడే!" అంది. నీళ్ళు రాలేదు. ఆ క్షణంలో నాకు కళ్ళు తెరుచుకున్నాయి. ఇంగ్లండు వాళ్ళకి కర్టెన్ ఉంటే మాకు మాత్రం లేదా? డిపార్ట్‌మెంటులో శబ్దం కొలిచే మైకు చెడిపోయి ఏడాదైంది, దాంతో గీసిన నా గ్రాఫు మేకలు నడిచిన దారిలా ఉండేది. పెద్దమ్మ చెవి అలా కాదు. ఆమెకి తెలియకుండానే ఆమెని నా పరీక్షాయంత్రంగా నియమించేశాను.

టేకు పోయి ప్లైవుడ్ వచ్చింది. మేడ మీద కురవకుండా పరిచిన తారు షీటు మిగిలితే కోసి లోపల అతికించాను. (ఇల్లంతా కొత్త రోడ్డు వాసన. పెద్దమ్మ అగరొత్తుల మీద అగరొత్తులు వెలిగించింది.) ఈసారి సారు గొంతు విని, "పాపం ఎవురో గాని, పడిశెం పట్టినట్టుండాది. మిరియాల కషాయం తాగమను," అంది. నీళ్ళు మాత్రం రాలేదు. ఉన్ని ఒక్కటే మిగిలింది. అటక మీద పెద్దమ్మ పుట్టింటి గొంగడి ఒకటి ఉండేది. దాని మూల నుంచి ఒక ముక్క, చిన్న ముక్కే, కత్తిరించి బుల్లి స్పీకరు చుట్టూ అంటించాను. ఆ సాయంత్రం "అమ్మా, ఉన్నరా?" అని డబ్బాలోంచి సారు అనగానే కర్టెన్ కదిలింది. పెద్దమ్మ కొంగు సర్దుకుని నీళ్ళ గ్లాసుతో వచ్చి, ఖాళీ కుర్చీ ముందు నిలబడి, "సారు యాడికి పాయె?" అంది. నేను ఎగిరి గంతేశాను. గొంగడి సంగతి తెలిశాక ఆమె కూడా దాదాపు అదే పని చేసింది.

ఆ తర్వాత నేను చేసింది కాస్త అతి. మురిసిపోయి ఆ పరీక్ష మళ్ళీ మళ్ళీ పెట్టాను. పెద్దమ్మ ఇంకోసారి నీళ్ళు తెచ్చింది, మరోసారి మజ్జిగ తెచ్చింది. సారు గొంతు చాలక ఆమె గొంతూ రికార్డు చేశాను. బజారు నుంచి వస్తూ గుమ్మంలో ఎప్పుడూ అనే మాట, "ఏం పాపా, తలుపు తెరిచి పెట్టుకోని యాడుండావు?" అని. అది వినిపిస్తే ఆమె మొహం చిట్లించి, "ఎవురే ఆ గయ్యాళి? నా గొంతట్ల ఉండదు," అంది. (ఎవరి గొంతు వాళ్ళకి లోపలినుంచి వినబడుతుంది, బయటినుంచి వింటే పరాయిది అనిపిస్తుందని సారు చెప్పారు. పెద్దమ్మ సారునీ నమ్మలేదు.) చివరికి గ్లాసు నేల మీద టక్కుమని పెట్టి, "ఇంగ డబ్బా నోట్లోంచి ఎవురు పిలిచినా నేను నీళ్ళు తెస్తే ఒట్టు," అని తేల్చేసింది.

వైవా రోజు పొద్దున్నే సారు ఫోను. "క్యాంపస్ బంద్ అమ్మా. గేటు కాడ పోలీసోళ్ళున్నరు. ల్యాబ్ తెరవనియ్యరు. ఎగ్జామినర్‌కు సాయంత్రం వరంగల్ రైలున్నది. డబ్బా మీ ఇంట్లనే ఉన్నది గదా, మేమే వస్తం." కంగారులో సారు గొంతు పెట్టి డబ్బాను అదేపనిగా మాట్లాడించి చూసుకున్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు పెరుగుతూనే ఉంది, నేను పట్టించుకోలేదు. అతిథులు వస్తున్నారని పెద్దమ్మకి చెప్పానా? చెప్పాననే అనుకున్నాను. బిస్కట్ల కోసం కిందికి పరుగెత్తాను.

తిరిగొచ్చి మెట్లెక్కుతుంటే హాల్లోంచి గంభీరమైన గొంతు వినిపించింది. "ఎవరండీ ఇంట్లో? నేను పరీక్ష కోసం వచ్చాను." సారు కింద స్కూటరుకి స్టాండు వేస్తూ ఉండిపోతే ఎగ్జామినర్ ఒక్కరే పైకి వచ్చేశారన్నమాట. కర్టెన్ వెనకనుంచి పెద్దమ్మ జవాబు కూడా వినిపించింది.

"ఊరుకో నాయనా, పొద్దున్నుంచి ఒకటే వాగుడు. నీ పరీక్ష సల్లగుండ!"

"అమ్మా, నేను వరంగల్లు నుంచి..."

"లండన్ నుంచి వచ్చినా అంతే. నీకు నీళ్ళు దొరకవు. ఇంగొక మాట మాట్లాడితే ప్లగ్గు పీకేస్తా!"

నేను మిగిలిన మెట్లు రెండేసి చొప్పున ఎక్కి గుమ్మం చేరాను. కాచిగూడ కోచింగ్ సెంటరు బోర్డు కళ్ళ ముందు స్పష్టంగా కనిపించింది. అన్నంత పనీ చెయ్యడానికి పెద్దమ్మ గరిటెతో బయటికి వచ్చింది. ఎదురుగా తోలు సంచీ చంకన పెట్టుకుని, మీసాలున్న నిజమైన పెద్దమనిషి. ఆమె మొహం చూడలేక నేను బిస్కట్ల పొట్లం చూసుకున్నాను. వెనకనుంచి రొప్పుతూ వచ్చిన సారు సంగతి గ్రహించి, గోడకి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఎంతకీ ఆపరు. పెద్దమ్మ లోపలికి వెళ్ళి రెండు గ్లాసులు తెచ్చింది. ఒకటి ఎగ్జామినర్ చేతికిచ్చి, రెండోది డబ్బా ముందు పెట్టి, "ఏది మనిషో ఏది డబ్బానో నాకు తెలీలేదు సామీ, తప్పుగా అనుకోవద్దు. ఇద్దరూ తాగండి," అంది.

ఆయన నీళ్ళు మొత్తం తాగి, నెమ్మదిగా కూర్చుని, నన్ను గంటసేపు అడిగారు. గోడ ఎందుకు పల్చగా ఉండాలి, తారు ఎందుకు, గొంగడి ఎందుకు. గ్రాఫు చూసి కళ్ళజోడు తీసేశారు. "ఇది చాలా పేలవంగా ఉంది," అన్నారు పుస్తకాల తెలుగులో. అప్పుడు డబ్బా ముందున్న గ్లాసుకేసి చూసి ఆయన మీసాలు కదిలాయి, భాష కూడా ఊరికి వెళ్ళిపోయింది. "గని అమ్మా, నేను మనిషినని నిరూపించుకోనీకి ఇంత కష్టపడుడు ఇదే మొదలు. డబ్బా పాసయింది పో. ఫెయిలయింది నేనే." సిఫారసు అక్కడే కూర్చుని రాశారు. నాన్న నెల రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత అంతా నేను కోరుకున్నట్టే జరిగింది. అప్పటినుంచి పాఠాలు, పుస్తకాలు చదివేవాళ్ళ గొంతులు రికార్డు చెయ్యడమే నా పని. ఎవరి గొంతులో ఏ మార్పు వచ్చినా పట్టేస్తానని స్టూడియోలో నాకు పేరుంది.

ఇప్పుడు తార్నాకలో మెట్రో స్తంభాలు లేచాయి, పెద్దమ్మ వాళ్ళు బౌద్ధనగర్‌కి మారారు, డబ్బా నాతోపాటు మా ఇంటికి వచ్చేసింది. గొంగడి ముక్కని ఒక పక్క చిమ్మెట కొట్టింది, అయినా మాట మాత్రం అలాగే పలుకుతుంది. మొన్న ఆదివారం మా అమ్మాయి పాత రికార్డులు తవ్వి తీసి, పెద్దమ్మ కేక పట్టుకుని ఒకటే ఆట. "ఏం పాపా, తలుపు తెరిచి పెట్టుకోని యాడుండావు?" పొద్దున్నుంచీ అదే. పోపు వేస్తుంటే మళ్ళీ వినిపించింది. "ఆపవే దాన్ని! బుర్ర తినేస్తున్నావు!" అని వంటింట్లోంచి అరిచాను. ఆగిపోయింది. మరీ వెంటనే ఆగిపోయింది. మా అమ్మాయి అంత తొందరగా మాట వినే పిల్ల కాదు.

చేతులు తుడుచుకుంటూ వచ్చి చూస్తే, అమ్మాయి బాల్కనీలో ఉంది. హాల్లో డబ్బా ఎదురుగా కుర్చీలో పెద్దమ్మ కూర్చుని ఉంది, ఒళ్ళో వేరుశనక్కాయల సంచీ, ఆటో దుమ్ముకి ఎర్రబడిన కళ్ళు. నన్ను చూసి మెల్లగా నవ్వింది. "ఆ పొద్దు ఆ వరంగల్లు సారుకు ఎట్లుండిందో ఇప్పుడు తెలిసె పాపా." ఇప్పుడు ఎదురుగా వింటుంటే తెలుస్తోంది. ఆ గొంతు అంచుల్లో సన్నటి వణుకు ఉంది, మాటకీ మాటకీ మధ్య ఆయాసం ఉంది. డబ్బాలో ఉన్న పెద్దమ్మకి అవి లేవు. గొంతులు పట్టేస్తానని పేరుపడ్డ నేను, గొంగడి ముక్క దొరికితే లోకం గెలిచానని గంతులేసిన ఆ పిల్ల విన్న పాత గొంతునే ఇంకా చెవుల్లో పెట్టుకుని తిరుగుతున్నాను కాబోలు, కర్టెన్ కూడా లేని వంటింట్లోంచి ఆ తేడా వినలేకపోయాను.

పరుగెత్తుకెళ్ళి నీళ్ళ గ్లాసు తెచ్చాను. ఆమె తీసుకుని, తాగబోతూ ఆగి, డబ్బాకేసి చూసి అడిగింది. "దానికేది?"