పర్శరాములు పునుగు పిల్లి

ఎవరి భక్తి వాళ్లది, కాదనను. శనివారం ఒక్కపొద్దు ఉంటే ఉండు, నీ ఇష్టం. యజమాని గారి పిల్లి చేత కూడా ఒక్కపొద్దు చేయిస్తాడా మనిషన్నవాడు! పర్శరాములు చేయించాడు.

అతనిది జగిత్యాల దగ్గర పల్లె. కట్టుబడి పనికి దుబాయ్ వచ్చి పరంజా మీద నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యి పైకి లేవదు. బతికించినందుకు తిరుపతి వెంకన్నకు మొక్కుకుని గుడ్డు, మాంసం మానేశాడు. చెయ్యి లేవని కూలీని ఏ కంపెనీ ఉంచుకుంటుంది? అబుదాబి దగ్గర మఫ్రఖ్ అవతల ఉన్న మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, జాలిపడి తన తోటలో జంతువులకు మేత వేసే పని ఇచ్చాడు. నేనక్కడ నీళ్ల ట్యాంకరు డ్రైవర్ని. ఇంకో ముగ్గురితో కలిపి మాదిద్దరిదీ ఒకే గది.

ఎనభై రెండులో కఫీల్ తన కూతురి ముచ్చట కోసం అమెరికా నుంచి స్కంక్ అనే జంతువును తెప్పించాడు. పిల్లంత ఉంది. నల్లటి ఒళ్లు, వీపు మీద రెండు తెల్ల చారలు, కుచ్చు తోక. "యే మర్ గయా తో తుమ్ ఖలాస్," అని పర్శరాములుకు వేలు చూపించి మరీ చెప్పాడు. అది చస్తే ఇతన్ని ఊరికి పంపేస్తాడన్నమాట.

మావాడు బోను ముందు చేతులు జోడించి నా వైపు తిరిగాడు.

"శాంతన్నా, ఇది పునుగు పిల్లినే! ఎంకన్న సామికి పూసే పునుగు దీనికెల్లే ఎల్తది."

"స్కంక్ అన్నారు కదయ్యా!"

"గా అరబ్బోళ్లకేం ఎరుక?"

ఇక దేవుడి పిల్లికి అరటిపండు, ఖర్జూరం, పెరుగన్నం. శనివారం అవీ లేవు. అది మూతి తిప్పుకునేది. పొద్దుగూకితే చాలు, మట్టి వాసన చూస్తూ గోళ్లతో చిన్న చిన్న గుంటలు తవ్వేది. ఇతను పొద్దున్నే వాటిని పూడ్చేవాడు. పిల్లి చిక్కిపోయింది, దాన్ని చూసి దిగులుతో ఇతనూ చిక్కిపోయాడు. మా గదిలో మాత్రం గుడ్డు కూర, కోడి కూర! ఎక్కడివయ్యా అంటే "సామి ఇచ్చిండు, తినుండ్రి" అనేవాడు. నలుగురం లొట్టలేసుకుంటూ తిన్నాం.

ఒక శుక్రవారం కఫీల్ కూతుర్ని తీసుకుని వస్తానని కబురు పంపాడు. ఆ పొద్దున చూస్తే బోను ఖాళీ. బోను తీగల కింద నుంచి మట్టి తవ్వుకుని పోయింది.

"ఆగమైతి శాంతన్నా!" అని పర్శరాములు నెత్తి కొట్టుకున్నాడు. "ఊర్లె ఒంటి చెయ్యోనికి పనెవ్వడిస్తడే?"

ఖర్జూరపు చెట్ల కింద అవే గుంటలు కనిపించాయి. వాటి వెంటే పోయాం. మేకల కొట్టం వెనక పెంటకుప్పలో ఉంది మహాతల్లి. తెల్లటి పేడపురుగు పిల్లల్ని తవ్వి తీసి నములుతోంది. ఇంతలో తేలు ఒకటి బయటపడింది. ముందుకాళ్లతో దాన్ని నేల మీద దొర్లించి దొర్లించి, కొండితో సహా తినేసింది! ఆ తర్వాత ఎలుక గూడు దొరికింది. ఇంకా కళ్లు తెరవని ఎలుకపిల్ల దాని నోట్లో కనిపించేసరికి పర్శరాములు తట్టుకోలేకపోయాడు.

"వద్దు తల్లీ, పాపం!" అంటూ ఉరికాడు.

అది కాళ్లతో నేలను టపటపా కొట్టింది. వెనక్కి తిరిగి తోక ఎత్తింది. నేను పక్కకు దూకాను. ఈ పిచ్చి మహారాజు మాత్రం మొహం వెలిగిపోతుండగా తువ్వాల పరిచి పట్టాడు.

"పునుగు ఇస్తున్నదన్నా!"

ఇచ్చింది, మొహం నిండా. ప్రభువా, ఏం కంపు అది! కుళ్లిన వెల్లుల్లి, కాలిన టైరు కలిపినట్టుంది. కళ్లు కనపడక అతను అక్కడే కూలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే కఫీల్ కూతుర్ని కారులోనే ఉంచి దిగాడు. ముక్కు మూసుకుని, దీనికని రోజూ పంపిన గుడ్లు, కోడి ఏమయ్యాయని హిందీలో గద్దించాడు. సామి ఇచ్చిన కూర ఇదా! ఇన్నాళ్లూ స్కంక్ కూడు తిన్నామా మేం!

పర్శరాములు నా వంక చూడనైనా లేదు. కళ్ల నీళ్లు కారుతుండగా "మై ఖాయా, సాబ్" అన్నాడు. గుడ్డు ముట్టనని దేవుడికి మొక్కిన మనిషి తానే తిన్నానన్నాడు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఝూట్, సాబ్, అంతా అబద్ధం! ఇతను తినడు. మేం తిన్నాం!" అని అరిచాను.

కఫీల్ నోరు తెరిచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత పెంటకుప్పలో కడుపారా మేస్తున్న తన జంతువును చూశాడు. "అభీ జిందా హై," ఇంకా బతికే ఉందిగా అన్నాడు చివరికి. దాన్ని బోనులోకి చేర్చు, నువ్వూ ఉండు అని పర్శరాములుతో అన్నాడు.

పర్శరాములు తడుముకుంటూ వెళ్లి ఒక గుడ్డు తెచ్చాడు. ఎడమ చేత్తో బోను గడపకు కొట్టి పగలగొట్టి లోపల ఒలికించాడు. స్కంక్ ముక్కు ఎగబీల్చుకుంటూ వచ్చి, అతని కాళ్ల పక్క నుంచే లోపలికి పోయి నాకసాగింది. ఆ చప్పుడు వింటూ అతను ఏడ్చాడు.

"మొక్కు నాది గదనే, శాంతన్నా! దానికేం తెలుసు? ఆకలికి సంపుతుంటినే."