సత్తిబాబు చెయ్యి

పన్నెండేళ్లయింది ఈ మాట నా గొంతులో ఇరుక్కుని. మింగుడు పడదు, బయటికి రాదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. పిరికివాడి పద్ధతే, కాదనను.

నేను కబడ్డీ ఆడేవాణ్ణి. కోరుకొండ దగ్గర పల్లెటూరు మాది. నాతోపాటు సత్తిబాబు. ఇద్దరివీ వ్యవసాయ కుటుంబాలే. ఒకే బడిలో చదివాం, ఒకే ఏడు పదో తరగతి తప్పాం. కోర్టులో ఎడమవైపు మూల వాడిది, దాని పక్క చోటు నాది. కూతకొచ్చినవాణ్ణి పట్టడానికి పక్కపక్కనున్న ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడడం మీరు చూసే ఉంటారు. నోటితో చెప్పుకుంటే వచ్చినవాడికి తెలిసిపోతుంది కదా. అందుకని సత్తిబాబు నా చెయ్యి నొక్కేవాడు. నొక్కితే, తను వచ్చినవాడి కాలు పట్టుకోబోతున్నాడు, నేను వెంటనే మీద పడాలి అని. ఎనిమిదేళ్లు అలా ఆడాం. కొడవలి పట్టి కాయలు కాసిన ఆ అరచెయ్యి నాకిప్పటికీ గుర్తే.

జిల్లా జట్టు సెలక్షన్లు రాజమండ్రిలో జరిగాయి. మంచి ఎండల్లో. ఎడమవైపు ఆడేవాళ్లలో ఒక్కణ్ణే తీసుకుంటారని ముందే తెలుసు. జట్టులోకి వెళితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం గ్యారంటీ అనేవారు. బస్సులో పక్కపక్కనే కూర్చుని వెళ్లాం. వాళ్లమ్మ కట్టిచ్చిన పులిహోర సగం నేనే తిన్నాను. వాడు నాకంటే బాగా ఆడతాడు. ఆ సంగతి నాకు తెలిసినంతగా వాడికే తెలియదు.

ఆట చివర్లో ఒక భారీ మనిషి కూతకొచ్చాడు. మా మూలకి వచ్చి కాలు కాస్త లోపలికి పెట్టాడు. సత్తిబాబు నా చెయ్యి నొక్కాడు, నొక్కి ముందుకి దూకాడు. నేను చెయ్యి వదిలేసి నిలబడిపోయాను. ఎంతసేపు? కనురెప్ప వేసినంత. ఆ మనిషి సత్తిబాబు మోకాలి మీద పడ్డాడు. ఆ చప్పుడు గురించి రాయలేను.

పట్టు జారితే వాడికి చెడ్డపేరు వస్తుంది, అంతే అనుకున్నాను. కాలు పోతుందని అనుకోలేదు. ఈ ముక్క నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. అనుకోకపోతే తప్పు కాదా? సరే, అది ఒక్క క్షణంలో పుట్టిన పాడుబుద్ధి అనుకుందాం. మరి ఆస్పత్రిలో నేను చేసిందో? నాలుగు రోజులు ఆలోచించుకుని మరీ వెళ్లాను. లిస్టులో నా పేరు అప్పటికే వచ్చేసింది.

"ఒరేయ్, నిజం చెప్పు. నేను నీ చెయ్యి నొక్కానా?" అనడిగాడు. కాలు మొత్తం కట్టులో ఉంది.

"లేదురా."

"నొక్కాననే అనుకున్నాను."

"కంగారులో మర్చిపోయుంటావు."

"అయితే తప్పు నాదేరా. నువ్వేం బెంగ పెట్టుకోకు. సెలెక్టయ్యావంటగా, స్వీట్లేవి?" అన్నాడు. నేను కిందికి వెళ్లి కాజాలు కొనుక్కొచ్చాను. తిన్నాడు.

వాడి మోకాలు మళ్లీ వంగలేదు. చేలో దిగలేడు, పొలం కౌలుకిచ్చేశాడు. నేను జిల్లాకి ఆడాను, తర్వాత ఉద్యోగమిచ్చిన డిపార్టుమెంటుకి ఆడాను. ధవళేశ్వరంలో ఉద్యోగం. టీవీ పైన గెలిచిన కప్పులు పట్టక కొన్ని మంచం కింద పెట్టాం. ఊళ్లో పోటీలు జరిగితే సత్తిబాబు కుర్చీ వేయించుకుని, కాలు చాపుకుని కూర్చుంటాడు. "చెయ్యి నొక్కడం మర్చిపోయారంటే నా పక్కన కుర్చీ ఖాళీగానే ఉందండోయ్" అని ఆడేవాళ్లని ఆటపట్టిస్తాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను. ఎలా నవ్వానో, ఛీ.

ఈ ఏడు నేను ఆట మానేశానని ఊళ్లో సన్మానం పెట్టారు. శాలువా కప్పడానికి వాడినే పిలిచారు. కుంటుకుంటూ స్టేజీ ఎక్కాడు. శాలువా కప్పి నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. "ఈసారి మర్చిపోలేదురోయ్" అన్నాడు, నవ్వుతూ.

నా కళ్లలో నీళ్లు చూసి జనం చప్పట్లు కొట్టారు.

వాడికి చెప్పాలి. చెప్పలేను. చెబితే ఏం పోతుంది? ఉద్యోగం పోదు, కప్పులు పోవు. వాడు నన్ను చూసే చూపు పోతుంది. దానికోసం ఒక మనిషిని పన్నెండేళ్లుగా తన కాలు తనే పోగొట్టుకున్నాననుకునేలా చేశాను. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. నిజం నేను కాక ఇంకొకరికి కూడా తెలియాలి, అంతే. ఇది రాస్తుంటే గుండె కొంచెం తేలికపడింది.

ఆ రోజు సత్తిబాబు మర్చిపోలేదండి. నొక్కాడు. గట్టిగానే నొక్కాడు.